షుగర్‌ఫ్రీ మాత్రలు వాడితే క్యాన్సర్ వస్తుందా? అమ్మ టీలో ఏం వేయాలి?

మీ ప్రశ్న పెద్దది కాబట్టి, చదివేవాళ్ల కోసం ముందు దాన్ని క్లుప్తంగా చెప్తాను. అమ్మగారికి అరవై దాటాయి. చాలాకాలంగా షుగర్ ఉంది, బరువు అరవై కిలోలు. రోజుకి మూడు టీలు, టీకి రెండు ఆస్పర్టేమ్ మాత్రలు. ఫ్యామిలీ గ్రూపులో "వీటితో క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థే ఒప్పుకుంది" అని ఒక మెసేజ్ తిరిగింది. మీ తమ్ముడు డబ్బా తీసి చెత్తబుట్టలో పడేశాడు. ఇప్పుడు అమ్మగారు టీలో బెల్లం వేసుకుంటున్నారు, అది సహజమైనది కదా అని. ఎవరి మాట వినాలి? ఇంట్లో ఉన్న ఆరేళ్ల పాప కూడా డైట్ కూల్‌డ్రింకులు తాగుతోంది, దానికేమైనా అవుతుందా? ఇదీ మీరు అడిగింది.

నేను డాక్టర్ని కాను. ఆహార పదార్థాలు పరీక్షించే ల్యాబులో కెమిస్టుగా చేసి రిటైరయ్యాను. కూల్‌డ్రింకులు, పుల్ల ఐసులు, వక్కపొడి ప్యాకెట్లు, షుగర్ పేషెంట్లకని అమ్మే బిస్కెట్లు, అన్నీ నా బల్ల మీదికి వచ్చినవే. మందుల సంగతి డాక్టరుగారిని అడగండి. ఈ పదార్థాల సంగతి నాకు తెలిసినంత నేను చెప్తాను.

అన్నిటికన్నా ముందు ఆ బెల్లం ఆపించండి. బెల్లంలో ఎక్కువ భాగం పంచదారలో ఉన్న సుక్రోజే. కాస్త ఇనుము, ఇతర ఖనిజాలు ఉంటాయి, కాదనను. కానీ టీలో వేసే ముక్కతో వాటివల్ల ఒరిగేదేమీ లేదు. రక్తంలో షుగర్ పెంచే విషయంలో బెల్లం, పంచదార, తేనె, తాటిబెల్లం అన్నీ దాదాపు ఒక తానులోవే. మూడు టీలకి రెండేసి చెంచాలంటే రోజుకి పాతిక, ముప్పై గ్రాములు. ఏ జబ్బూ లేనివాళ్లకే రోజు మొత్తంలో ఇలా కలుపుకునే తీపి పాతిక గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అమ్మగారికి ఆ వాటా టీ దగ్గరే అయిపోతోంది. వస్తుందో రాదో తెలియని జబ్బుకి భయపడి, రిపోర్టులో స్పష్టంగా రాసి ఉన్న జబ్బుని పెంచుకుంటున్నారన్నమాట.

ఇక ఆ మెసేజ్. అది పూర్తిగా అబద్ధం కాదు, అందుకే ఇంత చిక్కు. 2023 జులై 14న ఆస్పర్టేమ్ మీద రెండు సంస్థల నిర్ణయాలు ఒకేసారి వెలువడ్డాయి. ఒకటి ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో ఉండే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, ఐఏఆర్‌సీ. రెండోది, ఆహారంలో కలిపే పదార్థాలను పరిశీలించే నిపుణుల కమిటీ, జెక్ఫా. రెండూ ప్రపంచ ఆరోగ్య సంస్థ గొడుగు కిందివే. ఐఏఆర్‌సీ ఆస్పర్టేమ్‌ని "2బి"లో చేర్చింది, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండొచ్చు అనే గ్రూపు. జెక్ఫా మాత్రం 1981 నుంచి ఉన్న పరిమితిని మార్చాల్సిన అవసరం కనిపించలేదంది. ఆ పరిమితి శరీర బరువులో కిలోకి రోజుకి 40 మిల్లీగ్రాములు. అయితే ఐఏఆర్‌సీ నిర్ణయం జూన్ చివర్లోనే బయటికి పొక్కింది. రెండో సంస్థ మాట వచ్చేసరికి మొదటి మాట ఊళ్లన్నీ చుట్టేసింది. మీ గ్రూపుకి చేరింది ఆ సగమే.

ఈ ఇద్దరూ కొట్టుకుంటున్నారని చాలామంది అనుకున్నారు. నిజానికి వాళ్లు వేసుకున్న ప్రశ్నలే వేరు. ఐఏఆర్‌సీ చూసేది ఈ పదార్థానికి, ఏ మోతాదులోనైనా సరే, క్యాన్సర్ కలిగించే గుణం ఉందనడానికి సాక్ష్యం ఎంత గట్టిగా ఉంది అని. జెక్ఫా చూసేది మనుషులు నిజంగా తినే మోతాదులో ముప్పు ఉందా అని. కాబట్టి ఐఏఆర్‌సీ గ్రూపు నంబరు చూసి ప్రమాదం ఎంత పెద్దదో చెప్పలేం, సాక్ష్యం ఎంత బలమైనదో మాత్రమే తెలుస్తుంది. ఆస్పర్టేమ్ విషయంలో ఆ సాక్ష్యం పరిమితమైనదని, అది కూడా ఒక రకం కాలేయ క్యాన్సర్ గురించేనని వాళ్లే రాశారు.

అదే జాబితాలో మనింట్లో ఉండేవి కూడా ఉన్నాయి. 65 డిగ్రీలు దాటిన వేడితో తాగే పానీయాలను 2016లో "2ఎ"లో పెట్టారు. అది ఆస్పర్టేమ్ కన్నా ఒక మెట్టు పైన. అంటే అమ్మగారు పొగలు కక్కే టీ తాగుతుంటే, అందులో కరిగిన మాత్ర కన్నా ఆ వేడే పై గ్రూపులో ఉంది. వక్క సంగతి ఇంకా చిత్రం. అది పొగాకు, మద్యంతో పాటు గ్రూపు 1లో ఉంది, అంటే క్యాన్సర్ కలిగిస్తుందని తేలిపోయింది. మా ల్యాబుకి తియ్యటి వక్కపొడి ప్యాకెట్లు పంపేవాళ్లు, "ఇందులో శాక్రిన్ ఎంతుందో చూడండి" అని. శాక్రిన్ 1999 నుంచి గ్రూపు 3లో ఉంది, మనుషులకి క్యాన్సర్ తెస్తుందని చెప్పడానికి తగిన ఆధారం లేనివాటిలో. మేము గ్రూపు 3 దాన్ని మిల్లీగ్రాముల్లో కొలిచి రిపోర్టు రాసేవాళ్లం. గ్రూపు 1 వక్క మాత్రం ఆ ప్యాకెట్లో దర్జాగా అమ్ముడుపోయేది.

ఇప్పుడు అమ్మగారి లెక్క. మాత్రకి సుమారు 18 నుంచి 20 మిల్లీగ్రాముల ఆస్పర్టేమ్ ఉంటుంది. రోజుకి ఆరు మాత్రలంటే ఎక్కువలో ఎక్కువ 120. అరవై కిలోల మనిషికి పరిమితి 2,400. అందులో ఇరవయ్యో వంతు. ఆ పరిమితి దాటాలంటే ఆవిడ రోజుకి నూట ఇరవైకి పైగా మాత్రలు మింగాలి. డైట్ కూల్‌డ్రింకులో డబ్బాకి 200 నుంచి 300 మిల్లీగ్రాములు ఉంటుందనుకుంటే, డెబ్బై కిలోల మనిషి రోజుకి తొమ్మిది నుంచి పద్నాలుగు డబ్బాలకి మించి తాగితే తప్ప పరిమితి దాటడని ప్రపంచ ఆరోగ్య సంస్థే లెక్క కట్టి చూపించింది.

ఆ 40 అనే అంకె ఎలా వచ్చిందో కూడా తెలిస్తే కొంత టెన్షన్ తగ్గుతుంది. ఎలుకలకి కిలో బరువుకి రోజుకి 4,000 మిల్లీగ్రాములు తినిపించినా హాని కనిపించలేదు. దాన్ని నూరుతో భాగించారు. మనిషికీ ఎలుకకీ ఉండే తేడా కోసం పది, మనిషికీ మనిషికీ ఉండే తేడా కోసం ఇంకో పది. కాబట్టి ఏదో పెళ్లిలో ఒకరోజు పరిమితి దాటినంత మాత్రాన ఏమీ ముంచుకురాదు. జీవితాంతం రోజూ తీసుకున్నా పరవాలేదనుకునే గీత అది.

"కడుపులోకి వెళ్లాక మిథనాల్ అవుతుందట, కళ్లు పోతాయట" అనే మాట కూడా మీరు వినే ఉంటారు. అవుతుంది. ఆస్పర్టేమ్ పేగుల్లో విడిపోయి ఫినైల్‌ఎలనిన్, అస్పార్టిక్ ఆమ్లం, కొద్దిగా మిథనాల్ అవుతుంది. మిథనాల్ పాలు బరువులో పదో వంతు. ఆరు మాత్రలకి పన్నెండు మిల్లీగ్రాములు. టమాటా రసం, పళ్లరసాల నుంచి కూడా మనకి మిథనాల్ వస్తుంది, ఎవరూ వాటిని చూసి బెదరరు. ఫినైల్‌ఎలనిన్ అయితే ఒక గ్లాసు పాలలో ఒక డైట్ డబ్బాలో కన్నా ఎక్కువే ఉంటుంది. ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే అరుదైన జబ్బు ఉన్నవాళ్ల శరీరం దాన్ని సరిగా వాడుకోలేదు, వాళ్లు మాత్రం ఆస్పర్టేమ్ ముట్టకూడదు. డబ్బా మీద ఆ హెచ్చరిక అందుకే ఉంటుంది. అది చూసి "మెదడుకి హాని అని వాళ్లే రాశారు" అని ప్రచారం చేసేవాళ్లు కూడా ఉన్నారు.

ఈ భయాలకి పెద్ద చరిత్రే ఉంది, అది తెలిస్తే ఇవాళ్టి మెసేజ్ కొత్తగా అనిపించదు. శాక్రిన్ 1879లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీలో బయటపడింది. ఫాల్‌బెర్గ్ అనే కెమిస్టు చేతులు కడుక్కోకుండా భోజనానికి కూర్చుంటే రొట్టె తియ్యగా తగిలింది. 1937లో సైక్లమేట్ సిగరెట్ తియ్యగా తగలడంతో దొరికింది. 1965లో ఆస్పర్టేమ్, కాగితం తీయడానికి వేలు నాకితే. (ల్యాబులో శుభ్రత పాటించి ఉంటే ఈ పరిశ్రమే పుట్టేది కాదు. మా జూనియర్లకి ఈ ముక్క చెప్పడానికి భయపడేవాణ్ని.) శాక్రిన్ మీద గొడవ అమెరికాకి థియోడర్ రూజ్‌వెల్ట్ ప్రెసిడెంటుగా ఉన్నప్పుడే మొదలైంది. ఆహార కల్తీలపై పోరాడిన హార్వే వైలీ దాన్ని నిషేధించాలన్నాడు. మా డాక్టరు నాకు రోజూ ఇస్తున్నాడు, అది హానికరమనేవాడు తెలివితక్కువవాడు అని ప్రెసిడెంటు మండిపడ్డాడు.

అసలు దెబ్బ 1977లో తగిలింది. కెనడాలో శాక్రిన్ ఎక్కువగా తినిపించిన మగ ఎలుకల మూత్రాశయంలో కణితులు కనిపించాయి. జంతువుల్లో క్యాన్సర్ తెచ్చేదేదీ ఆహారంలో కలపకూడదని అమెరికాలో 1958 నుంచి చట్టం ఉంది, కాబట్టి నిషేధిస్తామన్నారు. సైక్లమేట్‌ని 1969లోనే ఎత్తేశారు. ఇక మిగిలింది ఇదొక్కటే. షుగర్ పేషెంట్ల నుంచి పార్లమెంటుకి ఉత్తరాలు వెల్లువెత్తాయి. చివరికి నిషేధం ఆగింది, ప్యాకెట్ మీద హెచ్చరిక మాత్రం పెట్టారు. తర్వాత తేలిందేమిటంటే, అంత మోతాదులో సోడియం శాక్రిన్ ఇస్తే ఎలుక మూత్రంలో కాల్షియం ఫాస్ఫేట్ గరుకు పలుకుల్లా పేరుకుంటుంది. అవి మూత్రాశయం లోపలి పొరని గీకి గీకి పుండు చేస్తాయి, అక్కడినుంచి కణితి. మనిషి మూత్రం తీరు వేరు, అలా జరగదు. 2000లో హెచ్చరిక తీసేశారు. ఎలుకల వార్త తెలిసినవాళ్లు కోట్లమంది, తీసేసిన వార్త తెలిసినవాళ్లు ఏ కొద్దిమందో.

ఆస్పర్టేమ్ కథలో రాజకీయం ఎక్కువ. దాన్ని తయారుచేసిన సర్ల్ కంపెనీకి అమెరికా ఆహార, ఔషధ సంస్థ (ఎఫ్‌డీఏ) వాళ్లు 1974లో అనుమతి ఇచ్చారు, కంపెనీ చేయించిన పరీక్షల మీద అనుమానాలు రావడంతో 1975లో ఆపేశారు. 1980లో నిపుణుల బోర్డు, ఎలుకల మెదడు కణితుల విషయం ఇంకా తేలాలి, ఇప్పుడే వద్దు అంది. 1981లో ఎఫ్‌డీఏకి కొత్తగా వచ్చిన కమిషనర్ ఆ మాట పక్కనపెట్టి అనుమతించాడు. అప్పుడు సర్ల్ కంపెనీ అధిపతి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్, అంతకుముందూ ఆ తర్వాతా అమెరికా రక్షణ మంత్రిగా చేసిన మనిషే. ఇది చదివి ఎవరికైనా అనుమానం వస్తే నేను తప్పుపట్టను, నాకూ వచ్చింది. కానీ అనుమతి ఇచ్చిన తీరు బాగాలేదు అనడం, పదార్థం విషం అనడం ఒకటి కాదు. ఆ తర్వాత ఆ కంపెనీతో పని లేని దేశాలు కూడా మళ్లీ మళ్లీ చూశాయి. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2013లో మొదటినుంచీ అంతా తిరగేసి అదే 40 దగ్గర నిలబడింది. ఇటలీలోని రమజినీ సంస్థ ఎలుకల మీద చేసిన పరీక్షల్లో క్యాన్సర్లు ఎక్కువ కనిపించాయన్నది నిజమే. అయితే ఆ ఎలుకలకి ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు ఉన్నాయని, కణితుల లెక్క మీద అనుమానాలున్నాయని ఇతరులు ఎత్తిచూపారు. ఆ వాదన ఇప్పటికీ నడుస్తోంది.

ఇక మీకొచ్చిన మెసేజ్‌కి తాత లాంటిది 1998, 1999 ప్రాంతంలో ఇంటర్నెట్‌లో తిరిగింది. నాన్సీ మార్కిల్ అనే పేరుతో వచ్చిన ఈమెయిల్. నరాల జబ్బుల నుంచి లూపస్ దాకా అన్నింటికీ ఆస్పర్టేమే కారణమని, మానేస్తే అన్నీ తగ్గిపోతాయని. వాట్సాప్ లేని రోజుల్లోనే అది ప్రపంచమంతా తిరిగింది.

ఇప్పుడు కొంచెం జాగ్రత్తగా చదవాల్సిన భాగం. 2022లో ఫ్రాన్స్‌లో 1,02,865 మంది మీద వచ్చిన అధ్యయనంలో, కృత్రిమ తీపి ఎక్కువ తీసుకునేవాళ్లలో, అసలు తీసుకోనివాళ్లతో పోలిస్తే క్యాన్సర్ 13 శాతం ఎక్కువ కనిపించింది. ఇది కొట్టిపారేసే పరిశోధన కాదు, తిన్నదాన్ని వివరంగా నమోదు చేసిన పని. కానీ ఇలాంటి వాటిలో పెద్ద మెలిక ఒకటుంది. తీపి మాత్రలు ఎవరు వాడతారు? అప్పటికే బరువు పెరిగినవాళ్లు, షుగర్ వచ్చినవాళ్లు, ఇంట్లో షుగర్ ఉందని భయపడేవాళ్లు. అధిక బరువుకీ, డయాబెటిస్‌కీ కాలేయ క్యాన్సర్‌తో సంబంధం ముందే ఉంది. కళ్లజోడు పెట్టుకున్నవాళ్లలో చూపు మందగించినవాళ్లు ఎక్కువ, అంత మాత్రాన జోడే చూపు పోగొట్టిందనం కదా. పరిశోధకులు లెక్కల్లో ఈ తేడాలు సరిచేస్తారు, కానీ పూర్తిగా ఎవరివల్లా కాదు.

ఈ చిక్కు 2023 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన ఇంకో సలహాలో బాగా కనిపిస్తుంది. "బరువు తగ్గడానికి ఈ తీపి పదార్థాల మీద ఆధారపడకండి" అన్నారు. పత్రికలు "ప్రమాదం" అని రాశాయి. అసలు పత్రంలో ఉన్నదేమిటంటే, మనుషుల్ని రెండు గుంపులు చేసి ఒకరికి ఇచ్చి ఒకరికి ఇవ్వకుండా చూసిన ప్రయోగాల్లో కొద్దిగా బరువు తగ్గింది, ఊరికే ఏళ్లతరబడి గమనించిన అధ్యయనాల్లో వాడేవాళ్ల బరువు ఎక్కువగా ఉంది. అందుకే ఆ సలహాని కూడా షరతులతో కూడినదన్నారు. అప్పటికే షుగర్ ఉన్నవాళ్లకి అది వర్తించదని కూడా రాశారు. ఈ చివరి వాక్యం మీ అమ్మగారి గురించే, కానీ అది ఏ ఫార్వర్డ్‌లోనూ నేను చూడలేదు.

మన దగ్గరి ప్రయోగం ఒకటి చెప్తాను. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు 179 మంది టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లతో చేసి, 2024లో ప్రచురించారు. టీ, కాఫీల్లో పంచదార బదులు సుక్రలోజ్ అనే ఇంకో కృత్రిమ తీపి వాడమని ఒక గుంపుకి చెప్పి పన్నెండు వారాలు చూశారు. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ మారలేదు. బరువు, నడుము కొలత మాత్రం కొద్దిగా తగ్గాయి. నాకు ఇది నచ్చింది, ఎందుకంటే ఇందులో అద్భుతమూ లేదు, ఘోరమూ లేదు. మన ఇళ్లలో తీపి ఎక్కువగా పోయేది టీ, కాఫీల ద్వారానే కాబట్టి మనకి పనికొచ్చే ప్రశ్న కూడా ఇదే. అదే నెదర్లాండ్స్‌లో 641 మంది పిల్లలకి ఏడాదిన్నర పాటు రోజుకొక చిన్న డబ్బా చొప్పున, సగం మందికి చక్కెరది, సగం మందికి చక్కెర లేనిది ఇచ్చారు. ఎవరికేది ఇచ్చారో పిల్లలకి తెలియదు. చక్కెర లేనిది తాగినవాళ్లు సుమారు కిలో తక్కువ పెరిగారు.

"కంపెనీల డబ్బుతో రాయించినవే కదా" అంటారా, ఆ అనుమానం మంచిదే. ఈ పానీయాల మీద వచ్చిన సమీక్షల్లో పరిశ్రమ డబ్బు ఉన్నవి పరిశ్రమకి అనుకూలంగా తేల్చడం ఎక్కువని 2016లో లెక్కలతో చూపించారు. అయితే అనుమానం రెండు వైపులా ఉండాలి. 1960లలో చక్కెర పరిశ్రమ హార్వర్డ్ పరిశోధకులకి డబ్బిచ్చి, గుండెజబ్బుల్లో చక్కెర పాత్రని తగ్గించి, తప్పంతా కొవ్వు మీదికి నెట్టే వ్యాసం రాయించింది. అది కూడా 2016లోనే బయటపడింది.

నిజంగా తేలనివి ఏవంటే, నా దృష్టిలో మూడు. మొదటిది పేగుల్లోని సూక్ష్మజీవులు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ వాళ్లు 2022లో 120 మంది మీద చేసిన ప్రయోగంలో, శాక్రిన్, సుక్రలోజ్ తీసుకున్న కొందరిలో రెండు వారాల్లోనే శరీరం గ్లూకోజ్‌ని సర్దుకునే తీరు మారింది. అందరిలో కాదు. వాళ్లు ఎంచుకున్నవాళ్లు అంతకుముందు ఈ తీపి ముట్టనివాళ్లు. ఏళ్లుగా వాడుతున్నవాళ్లకి ఇది ఎంతవరకు వర్తిస్తుందో ఇంకా తేలాలి. రెండోది సుక్రలోజ్‌ని వేడి చేయడం. 120 డిగ్రీలు దాటితే క్లోరిన్ ఉన్న హానికర పదార్థాలు తయారవ్వొచ్చని జర్మనీ సంస్థ ఒకటి 2019లో హెచ్చరించింది. పరమాన్నం వంద డిగ్రీల దగ్గరే ఉడుకుతుంది కాబట్టి దించాక కలిపితే బాధ లేదు. కేకులు కాల్చడానికి, నూనెలో వేయించే పిండివంటలకి మాత్రం వాడకండి. ఆస్పర్టేమ్‌ అయితే వేడికి విడిపోయి తీపే పోతుంది.

మూడోది ఎరిథ్రిటాల్ అనే తీపి పొడి. కీటో డైట్ వాళ్లు, "నేచురల్" అని అడిగేవాళ్లు ఎగబడి కొంటున్నది ఇదే. 2023లో క్లీవ్‌ల్యాండ్ క్లినిక్ పరిశోధకులు, రక్తంలో ఎరిథ్రిటాల్ ఎక్కువ ఉన్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువని చూపారు. మన శరీరమే కొంత ఎరిథ్రిటాల్ తయారుచేస్తుంది కాబట్టి దాన్నిబట్టి తిన్నదే కారణమనలేం. కానీ ఆరోగ్యవంతులకి ముప్పై గ్రాములు తాగిస్తే రక్తంలో దాని స్థాయి వెయ్యి రెట్లకి పైగా పెరిగిందనీ, ఆ స్థాయిల్లో రక్తం గడ్డకట్టే కణాలు చురుగ్గా మారాయనీ కూడా చూపారు. మాత్రల్లో మిల్లీగ్రాములుంటే ఇక్కడ గ్రాముల లెక్కన పోతుంది, తేడా అదే. స్టెంట్ వేయించుకున్నవాళ్లు నా ఇంట్లో ఉంటే ఎరిథ్రిటాల్ లడ్డూలు పెట్టను. "స్టీవియా" అని పెద్ద అక్షరాలు, పచ్చటి ఆకు బొమ్మ ఉన్న పొడి ప్యాకెట్లను వెనక్కి తిప్పి చూడండి. చాలావాటిలో బరువు కోసం నింపింది ఎరిథ్రిటాలో, డెక్స్ట్రోజో అయి ఉంటుంది. డెక్స్ట్రోజ్ అంటే గ్లూకోజే.

ఇంతకీ మా ల్యాబులో నన్ను ఇబ్బంది పెట్టింది లేబుల్ ఉన్న మాత్రలు కావు. పేరూ ఊరూ లేని తీపి. ఇప్పుడు మెషిన్లు వచ్చాయి, తెర మీద గీత లేస్తే శాక్రిన్ ఎంతుందో చెప్పేస్తుంది. పాతరోజుల్లో పుల్ల ఐసు కరిగించి, కాస్త ఆమ్లం కలిపి, ఈథర్‌తో గరాటు సీసాలో ఊపి, పైకి తేలిన ఈథర్‌ని వేడినీళ్ల మీద ఆవిరి చేస్తే గిన్నె అడుగున తెల్లటి పొర మిగిలేది. వేలితో అద్ది నాలుక కొసకి తగిలిస్తే తీపి, వెనకాలే చిన్న చేదు. ఆ పొరని కాస్టిక్ సోడాతో మాడ్చి, మళ్లీ ఆమ్లం చేసి ఈథర్‌తో లాగి, ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేస్తే ఊదా రంగు తిరిగేది. శాక్రిన్ రూఢి అయినట్టు. మోతాదు ఒక్కోసారి చిటికెడు, ఒక్కోసారి గుప్పెడు. వేసేవాడికి తూకం ఉండదు, తినేది పిల్లలు. తెలంగాణలో కల్తీ కల్లు పట్టుబడినప్పుడు కూడా శాక్రిన్ పేరు వస్తుంది. అక్కడ మనుషుల్ని పడగొట్టేది అందులోని అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు. శాక్రిన్ వాటి చేదుని కప్పేస్తుంది.

స్వీట్ షాపుల్లో "షుగర్‌లెస్" అరలో ఉండేవాటి సంగతి వేరు. పూతరేకుల్లో పంచదార తీసేస్తే నెయ్యి, బియ్యప్పిండి మిగులుతాయి. కోవా స్వీట్లలో కోవా మిగులుతుంది, బిస్కెట్లలో మైదా, నూనె. రక్తంలో షుగర్ పెంచడానికి అవి చాలు. పైగా షుగర్ లేదు కదా అని రెండు తినేచోట నాలుగు తింటారు. మా బంధువుల్లో ఒకావిడ టీలో మాత్ర మర్చిపోతే ఊరుకునేది కాదు, మధ్యాహ్నం అన్నం మాత్రం రెండుసార్లు వడ్డించుకునేది. మాల్టిటాల్ అనే తీపి పదార్థం ఉన్న స్వీట్లు ఎక్కువ తింటే షుగరూ పెరుగుతుంది, విరేచనాలూ అవుతాయి. వెనక లేబుల్ మీద నంబర్లు గుర్తుంచుకుంటే చాలు: 950 ఎసిసల్ఫేమ్, 951 ఆస్పర్టేమ్, 954 శాక్రిన్, 955 సుక్రలోజ్, 960 స్టీవియా, 965 మాల్టిటాల్, 968 ఎరిథ్రిటాల్.

పాప విషయంలో నేను కచ్చితంగా ఉంటాను. ఆరేళ్ల పిల్ల పద్దెనిమిది కిలోలుంటుందనుకుంటే పరిమితి 720 మిల్లీగ్రాములు. డబ్బాకి 300 ఉన్న డ్రింకు అయితే మూడో డబ్బాకే గీత దాటేస్తుంది. పెద్దవాళ్లకి అసాధ్యమైనది పిల్లలకి ఒక పండగ రోజున జరిగిపోతుంది. మన దేశంలో అమ్మే డైట్ డ్రింకుల మీద పిల్లలకి తగదని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, చూడండి. విషమని కాదు, ఆ వయసులో నాలుకకి అంత తీపి అలవాటు చేయనక్కర్లేదు. మామూలు కూల్‌డ్రింకు బదులుగా అయితే ఎప్పుడైనా పరవాలేదు. మంచినీళ్లు, మజ్జిగ బదులుగా మాత్రం వద్దు.

అమ్మగారికి మాత్రలు తిరిగి ఇవ్వండి. ఆవిడ ఒప్పుకుంటే టీకి రెండు కాకుండా ఒకటి, కొన్ని వారాల తర్వాత అర. నాలుక అలవాటు పడుతుంది, కాస్త టైం పడుతుందంతే. ఒప్పుకోకపోతే ఆరు మాత్రల దగ్గర పోట్లాడకండి, ఆ ఓపిక అన్నం కొలత మీద పెట్టండి. ఆస్పర్టేమ్ అంటే ఇంట్లో భయం పోకపోతే సుక్రలోజ్ మాత్రలకి మార్చినా నష్టం లేదు.

ఒకటి మర్చిపోయేవాణ్ని. ఆవిడ ఇన్సులిన్ గానీ, షుగర్ బాగా దించే మాత్రలు గానీ వాడుతుంటే, ఎప్పుడైనా చెమటలు పట్టి, చేతులు వణికి లో షుగర్ వచ్చినప్పుడు ఈ తీపి మాత్రలూ, డైట్ డ్రింకులూ ఎందుకూ పనికిరావు. అప్పుడు కావాల్సింది నిజమైన గ్లూకోజో, నీళ్లలో కలిపిన మూడు చెంచాల పంచదారో. పావుగంట తర్వాత మళ్లీ చూసుకుని, తగ్గకపోతే మళ్లీ ఇవ్వాలి. షుగర్ పేషెంట్ ఉన్నారని ఇంట్లో పంచదార డబ్బా పూర్తిగా ఎత్తేసిన వాళ్లని చూశాను. ఆ డబ్బా చేతికందేచోట ఉంచండి, ఎక్కడుందో పాపకి కూడా చూపించండి.